అమెరికా రాజ్యాంగాన్నీ అక్కడి హక్కులనూ అర్థం చేసుకోవడం ఎలా: సీమ కుటుంబాలకు ఒక మార్గదర్శిని

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పిల్లలను అమెరికాకు పంపుతున్న కుటుంబాలు వీసా ఇంటర్వ్యూకు, బ్యాంకు రుణానికి, విమాన టికెట్లకు ఎంతో శ్రద్ధగా సిద్ధపడతాయి. అక్కడి ప్రభుత్వం ఎలా నడుస్తుంది, దారిలో పోలీసు ఆపితే ఏం చెప్పాలి, ఏ హక్కు ఎవరికి వర్తిస్తుంది అన్న విషయాలకు ఆ శ్రద్ధలో పదో వంతు కూడా దక్కదు. తీరా అవసరం పడ్డ రోజున వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలే ఆధారమవుతాయి. అనంతపురంలో రాజనీతిశాస్త్రం బోధిస్తున్నవాడిగా ఆ లోటును కొంతైనా తీర్చాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. ఇది వకీలు ఇచ్చే సలహాకు ప్రత్యామ్నాయం కాదు. వకీలు చెప్పేది అర్థం కావడానికి, వకీలును ఎప్పుడు అడగాలో తెలియడానికి ఉపయోగపడుతుంది.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఆ రాజ్యాంగంలోని ఎక్కువ వాక్యాలు ప్రభుత్వం ఏం చేయకూడదో చెబుతాయి. వాక్స్వాతంత్ర్యం గురించి రాసిన చోట కూడా "ప్రజలకు ఈ హక్కు ఇస్తున్నాం" అని ఉండదు, ఆ స్వేచ్ఛను తగ్గించే చట్టం కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చేయరాదని ఉంటుంది. కాబట్టి ఏ అధికరణ, ఏ సవరణ చదివినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇక్కడ ఎవరి అధికారానికి కళ్లెం వేస్తున్నారు? ఎవరి రక్షణ కోసం వేస్తున్నారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఆ హక్కు మన పిల్లలకు ఎంతవరకు ఉపయోగపడుతుందో తెలిసిపోతుంది. దొరకకపోతే హక్కు పేరు ఎంత బాగా తెలిసినా ప్రయోజనం ఉండదు.

అసలు పత్రాన్ని చదవడానికి భయపడనక్కర్లేదు. ఫిలడెల్ఫియాలో 1787 సెప్టెంబరు 17న సంతకాలైన ఆ రాజ్యాంగంలో ఉన్నవి 7 అధికరణలే. ఇన్నేళ్లలో చేరినవి 27 సవరణలు. ఆమోదించిన నాటికే 395 అధికరణలున్న మన రాజ్యాంగంతో పోలిస్తే అది ఒక సాయంత్రం కూర్చుని పూర్తి చేయగలిగినంత చిన్నది. చిన్నది కావడం వల్లనే దాని అర్థం చాలావరకు కోర్టు తీర్పుల్లో ఉంటుందని కూడా గుర్తించాలి. చదివే వరుస విషయంలో నా సలహా ఇది: మొదటి మూడు అధికరణలను ఒకసారి వేగంగా చూసి, నేరుగా 1791లో చేరిన మొదటి పది సవరణలకు, అక్కడి నుంచి 1868 నాటి పద్నాలుగో సవరణకు వెళ్లాలి. మిగిలినవి తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు.

మూడు అధికరణలు, మూడు అధికార కేంద్రాలు

మొదటి అధికరణ చట్టాలు చేసే కాంగ్రెస్ గురించి, రెండోది అధ్యక్షుడి గురించి, మూడోది న్యాయస్థానాల గురించి. మన దగ్గర ముఖ్యమంత్రీ మంత్రులూ శాసనసభలోనే కూర్చుంటారు, సభలో మెజారిటీ పోతే ప్రభుత్వం పడిపోతుంది. అక్కడ అధ్యక్షుడు గానీ ఆయన మంత్రులు గానీ కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదు. కాంగ్రెస్ అవిశ్వాసం పెట్టి అధ్యక్షుణ్ణి దించలేదు, అధ్యక్షుడు కాంగ్రెస్‌ను రద్దు చేయలేడు. బిల్లును అధ్యక్షుడు వీటో చేస్తే (తిరస్కరిస్తే) కాంగ్రెస్‌లోని రెండు సభలూ, అంటే ప్రతినిధుల సభ, సెనేట్, మూడింట రెండు వంతుల మెజారిటీతో దాన్ని తోసిపుచ్చవచ్చు. అధ్యక్షుణ్ణి తొలగించాలంటే ప్రతినిధుల సభ అభిశంసించాలి, ఆపై సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది దోషిగా తేల్చాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. ఒకసారి నియమితులయ్యాక వారికి పదవీ విరమణ వయసంటూ ఉండదు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని చెప్పే అధికారం కోర్టులకు ఉందన్నది 1803లో మార్బరీ కేసులో స్థిరపడింది.

ఇదంతా పరీక్షల కోసం చదివే పాఠంలా కనిపించవచ్చు గానీ, రోజూ వచ్చే వార్తలను అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి. వీసాల మీద ఏదైనా ప్రకటన వెలువడగానే మన ఇళ్లలో కంగారు మొదలవుతుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది కాంగ్రెస్ చేసిన చట్టమా, అధ్యక్షుడి ఉత్తర్వా, లేక ఒక శాఖ జారీ చేసిన నిబంధనా? చట్టాన్ని మార్చాలంటే మళ్లీ కాంగ్రెస్ కూర్చోవాలి. ఉద్యోగం కోసం ఇచ్చే హెచ్-1బీ వీసాలకు ఏటా ఉన్న 65,000 పరిమితి, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా ఉన్న 20,000 చట్టంలో రాసిన సంఖ్యలు కాబట్టి ఏ అధ్యక్షుడూ ఒక్క సంతకంతో వాటిని పెంచలేడు. ఉత్తర్వుల సంగతి వేరు: అవి రాత్రికి రాత్రే వస్తాయి, మర్నాడే వాటిని కోర్టులో సవాలు చేయవచ్చు, కోర్టు నిలిపివేయనూ వచ్చు, పై కోర్టు ఆ నిలిపివేతను ఎత్తివేయనూ వచ్చు. అందువల్ల ఉత్తర్వు వార్త విన్న గంటలోనే టికెట్ రద్దు చేసుకోవడం, ఉద్యోగం వదులుకోవడం వంటి నిర్ణయాలు తీసుకోరాదు. అలాగని ఎలాగూ కోర్టు కొట్టేస్తుందన్న ధీమా కూడా పనికిరాదు.

సెనేట్‌ను శ్రీబాగ్ ఒప్పందంతో కలిపి చూడండి

సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది సభ్యులుంటారు. ప్రతినిధుల సభలోని 435 స్థానాలను జనాభాను బట్టి పంచుతారు. 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్ రాష్ట్రంలో ఆరు లక్షల మంది కూడా లేరు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభానే 40 లక్షలు దాటింది. అటువంటి వయోమింగ్‌కూ ఇద్దరు సెనేటర్లే, దాదాపు నాలుగు కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే. ఇదేం న్యాయమని విద్యార్థులు తరచూ అడుగుతారు.

సీమలో పుట్టినవారికి దీని జవాబు మరెవరికన్నా సులువుగా అర్థం కావాలి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ గృహంలో సర్కారు (కోస్తా) జిల్లాల నాయకులూ సీమ నాయకులూ ఎందుకు కూర్చున్నారు? ఆంధ్ర రాష్ట్రం వస్తే సంఖ్యాబలం ఉన్న కోస్తా జిల్లాల మాటే చెల్లుతుందన్న సందేహం సీమకు ఉంది కాబట్టి. సాగునీటిలో ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు, శాసనసభ స్థానాల్లో జిల్లాకు జిల్లా సమానం అన్న హామీలు ఆ సందేహానికి సమాధానంగా వచ్చాయి. 1787లో ఫిలడెల్ఫియాలో డెలావేర్, న్యూజెర్సీ వంటి చిన్న రాష్ట్రాలకు ఉన్న భయం కూడా ఇదే. వర్జీనియా వంటి పెద్ద రాష్ట్రాలు తమను మింగేస్తాయని అవి అనుమానించాయి. ఆ జూలైలో కుదిరిన రాజీ ప్రకారం ఒక సభ జనాభాకు, ఒక సభ రాష్ట్రాల సమానత్వానికి దక్కాయి.

తేడా ఎక్కడుందో గమనించడం ముఖ్యం. శ్రీబాగ్ మాట పెద్దమనుషుల ఒప్పందంగా మిగిలింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది, ఆ ఒప్పందం పట్టుకుని కోర్టుకు వెళ్లే వీలు ఎవరికీ లేకపోయింది. ఫిలడెల్ఫియా రాజీ మాత్రం రాజ్యాంగ వాక్యంగా మారింది. పైగా ఏ రాష్ట్రానికైనా తన సమ్మతి లేకుండా సెనేట్‌లో సమాన ప్రాతినిధ్యం తగ్గించరాదని ఐదో అధికరణలో ప్రత్యేకంగా రాసుకున్నారు. ఆ సమాన ప్రాతినిధ్యం నేటి ప్రజాస్వామ్యానికి భారమని వాదించేవారు అమెరికాలో చాలామంది ఉన్నారు, ఆ వాదనలో బలమూ ఉంది. అయినా రాతలో లేని హామీ ఏమవుతుందో చూసిన ప్రాంతం నుంచి చదివేటప్పుడు, ఆ చిన్న రాష్ట్రాలు అంత పట్టుదలగా దాన్ని ఎందుకు రాయించుకున్నాయో నాకు బాగా అర్థమవుతుంది.

ఏ ప్రభుత్వం? ఏ పోలీసు?

పదో సవరణ ప్రకారం ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానికి అప్పగించని, రాష్ట్రాలకు నిషేధించని అధికారాలన్నీ రాష్ట్రాలకు లేదా ప్రజలకు మిగులుతాయి. మన దగ్గర మిగులు అధికారాలు కేంద్రానివి. దీని ఫలితం దైనందిన జీవితంలో కనిపిస్తుంది. మనకు దేశమంతటికీ ఒకటే భారతీయ న్యాయ సంహిత. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత నేర చట్టం ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఒప్పందం, పెళ్లి, విడాకులు అన్నీ రాష్ట్ర చట్టం కిందికే వస్తాయి. టెక్సస్‌లో ఉన్న బావమరిది చెప్పిన నియమం న్యూజెర్సీలో చదివే అమ్మాయికి వర్తించకపోవచ్చు. పోలీసులూ ఒకే వ్యవస్థ కాదు: నగర పోలీసులు, కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్, రాష్ట్ర పోలీసులు, ఫెడరల్ సంస్థలు వేర్వేరుగా ఉంటాయి. షెరీఫ్ సాధారణంగా ఎన్నికల్లో గెలిచి వస్తాడు, ఎస్పీలా బదిలీ మీద రాడు. అందుకే అబ్బాయి చిరునామా రాసుకునేటప్పుడు నగరం, రాష్ట్రంతో పాటు కౌంటీ పేరు కూడా రాసి పెట్టుకోవాలి. ఏదైనా జరిగితే ఏ జైలు, ఏ కోర్టు అని వెతకడం సాధారణంగా కౌంటీ పేరుతోనే మొదలవుతుంది.

పౌరుడు అన్నారా, వ్యక్తి అన్నారా?

హక్కుల విషయంలో అన్నిటికంటే ఎక్కువ పొరపాటు ఇక్కడే జరుగుతుంది. "మనం అక్కడి పౌరులం కాదు కదా, మనకు హక్కులేముంటాయి" అని పెద్దవాళ్లు అంటారు. పద్నాలుగో సవరణను నిదానంగా చదవాలి. అందులో మొదట పౌరుల మాట వస్తుంది. తర్వాత ఏ రాష్ట్రమూ ఏ వ్యక్తి ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని సక్రమ న్యాయ ప్రక్రియ లేకుండా హరించరాదని, తన పరిధిలోని ఏ వ్యక్తికీ చట్టాల సమాన రక్షణ నిరాకరించరాదని వస్తుంది. పౌరుడన్న చోట ఒక అర్థం, వ్యక్తి అన్న చోట మరొక అర్థం. మన రాజ్యాంగంలోనూ ఇదే తేడా ఉంది: 19వ అధికరణ పౌరులకు, 14, 21 అధికరణలు వ్యక్తులందరికీ. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి సభ్యుడిగా ఉన్న మన రాజ్యాంగ సభ అమెరికా అనుభవాన్ని దగ్గర పెట్టుకునే ఈ భాగాలను చర్చించింది.

ఆ తేడా కాగితం మీదది మాత్రమే కాదని 1886 నాటి యిక్ వో కేసు చూపింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే నగర బోర్డు అనుమతి కావాలన్న నిబంధన ఉండేది. రాతలో అది అందరికీ ఒకటే. అమలులో దాదాపు రెండు వందల మంది చైనీయులకు అనుమతి నిరాకరించి, అటువంటి చెక్క భవనాల్లోనే లాండ్రీలు నడుపుతున్న ఇతరులను వదిలేశారు. చట్టం పైకి నిష్పక్షపాతంగా కనిపించినా అమలులో వివక్ష ఉంటే అది సమాన రక్షణకు భంగమేనని, ఆ రక్షణ విదేశీయులకూ ఉంటుందని సుప్రీంకోర్టు తేల్చింది.

అదే కోర్టు 1923లో, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీకి శ్వేతజాతీయుడు కాదన్న కారణంతో పౌరసత్వం చెల్లదని తీర్పిచ్చింది. భారతీయులకు ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో, కాంగ్రెస్ చేసిన చట్టంతో. న్యాయ ప్రక్రియ కోరే హక్కు వ్యక్తి అయితే చాలు, దక్కుతుంది. పౌరసత్వం, దేశంలో ఉండే అనుమతి మాత్రం కాంగ్రెస్ చేసే చట్టాల మీద ఆధారపడతాయి. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

పోలీసు ఎదురైనప్పుడు

నాలుగో సవరణ అకారణ సోదాలను, స్వాధీనాలను నిషేధిస్తుంది. దీని రక్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఇంటికి అత్యధిక రక్షణ ఉంటుంది: అనుమతి గానీ అత్యవసర పరిస్థితి గానీ లేకుండా లోపలికి రావాలంటే సాధారణంగా న్యాయమూర్తి జారీ చేసిన వారెంటు ఉండాలి. తలుపు తట్టినప్పుడు తెరవకుండానే వారెంటు చూపమని, కిటికీ దగ్గర పెట్టమని లేదా తలుపు కింద నుంచి జారవిడవమని అడగవచ్చు. అందులో చూడవలసినవి: న్యాయమూర్తి సంతకం, ఇంటి చిరునామా, తేదీ. కారుకు రక్షణ తక్కువ. నేరానికి సంబంధించిన వస్తువు ఉందనడానికి తగిన కారణం ఉంటే వారెంటు లేకుండానే సోదా చేయవచ్చు. అరెస్టు చేసినా ఫోనులో ఉన్న సమాచారం చూడాలంటే సాధారణంగా వారెంటు కావాలని 2014లో రైలీ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. విమానాశ్రయంలో, సరిహద్దులో ఈ రక్షణ బాగా తగ్గిపోతుంది. అక్కడ అధికారులు ఫోను, ల్యాప్‌టాప్ అడుగుతారని అనుకునే సిద్ధపడాలి.

రోడ్డు మీద వెనకాల పోలీసు కారు దీపాలు వెలిగితే కుడివైపు సురక్షితంగా ఆపి, ఇంజిన్ ఆర్పి, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచి కారులోనే కూర్చోవాలి. మన అలవాటు ప్రకారం దిగి పోలీసు దగ్గరికి నడవడం అక్కడ చాలా ప్రమాదకరం. ఎంతోమంది దగ్గర తుపాకులుండే దేశమది, దిగి వచ్చే మనిషిని పోలీసు ముప్పుగానే చూస్తాడు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అడిగితే ఇవ్వాలి. కాగితాలు డ్యాష్‌బోర్డు అరలో ఉంటే, తీయబోతున్నానని ముందే చెప్పి తీయాలి. కారు చూడవచ్చా అని అడిగితే "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" (సోదాకు నేను ఒప్పుకోను) అని మర్యాదగా అనవచ్చు. అయినా సోదా చేస్తే అడ్డుపడకూడదు. ఆ అభ్యంతరం తర్వాత కోర్టులో పనికొస్తుంది, రోడ్డు మీద కాదు.

ఐదో సవరణ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేని హక్కును కాపాడుతుంది. 1966 నాటి మిరాండా తీర్పు ప్రకారం కస్టడీలో ప్రశ్నించే ముందు పోలీసులు ఈ హక్కును తెలియజేయాలి. కానీ ఊరికే మౌనంగా కూర్చుంటే చాలదని 2010లో కోర్టు చెప్పింది. ఆ హక్కును వాడుకుంటున్నానని నోటితో చెప్పాలి. కాబట్టి "ఐ విల్ రిమైన్ సైలెంట్, ఐ వాంట్ ఎ లాయర్" అన్న రెండు మాటలను పిల్లలు వెళ్లేముందే కంఠస్థం చేయాలి, చేసిన తర్వాత నిజంగానే మాట్లాడటం ఆపాలి. అబద్ధం మాత్రం ఎన్నడూ ఆడరాదు. ఫెడరల్ అధికారితో ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పడమే ఒక నేరం.

ఆరో సవరణలోని వకీలు హక్కు వెనక ఒక ఖైదీ రాసిన కాగితం ఉంది. ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడిపై బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడే ఒక గదిలోకి చొరబడ్డాడన్న కేసు పెట్టారు. వకీలును పెట్టుకునే స్తోమత లేదన్నా కోర్టు ఇవ్వలేదు, ఐదేళ్ల శిక్ష పడింది. జైలు నుంచే గీతల కాగితం మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. 1963లో కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది: తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొనే పేదవాడికి రాష్ట్రమే వకీలును ఇవ్వాలి. వకీలు సాయంతో జరిగిన రెండో విచారణలో గిడియన్ నిర్దోషిగా బయటికొచ్చాడు. మన కుటుంబాలు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే ఇది నేర కేసులకే. ఇమ్మిగ్రేషన్ కోర్టు విచారణ సివిల్ వ్యవహారం; అక్కడ వకీలును పెట్టుకునే హక్కు ఉంటుంది, ఖర్చు మాత్రం మనదే. ఆ పరిస్థితికి కొంత డబ్బు, ఒక ఇమ్మిగ్రేషన్ వకీలు నంబరు ముందుగానే సిద్ధంగా ఉండాలి.

హక్కు ఆగిపోయే చోట్లు

మొదటి సవరణ ప్రభుత్వానికి కళ్లెం వేస్తుంది, కంపెనీ యజమానికి కాదు. ఫేస్‌బుక్‌లో రాసినదానికి ప్రైవేటు సంస్థ ఉద్యోగం తీసేస్తే ఆ సవరణ సాయపడదు; జాతి, మతం, లింగం, జన్మస్థలం ఆధారంగా వివక్ష జరిగితే ఉపయోగపడేది 1964 నాటి పౌర హక్కుల చట్టం. వీసాపై ఉన్నవారు ప్రభుత్వాన్ని విమర్శిస్తే వీసా విషయంలో రక్షణ ఎంతవరకు ఉంటుందన్నది ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతున్న ప్రశ్న కాబట్టి ఆ విషయంలో జాగ్రత్త అవసరం.

ఓటు పౌరులకే. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగే పద్ధతి అనేక రాష్ట్రాల్లో ఉంది. తొందరలో అవునని టిక్ పెట్టకూడదు. పౌరుడినని తప్పుగా చెప్పుకోవడం గ్రీన్‌కార్డు అవకాశాన్ని శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఇంత చిన్న గడికి అంత పెద్ద ఫలితం ఉంటుందని పిల్లలకు ఎవరూ చెప్పరు.

అరెస్టయిన విదేశీయుడు తన దేశ కాన్సులేటుకు తెలియజేయమని కోరవచ్చు. 1963 నాటి వియన్నా ఒప్పందం ఆ హక్కు ఇస్తుంది. భారతీయుల విషయంలో అది అడిగితే జరిగేది, కాబట్టి అడగాలని పిల్లలకు చెప్పాలి. టెక్సస్‌లో ఉంటే హ్యూస్టన్, కాలిఫోర్నియాలో ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో కాన్సులేటును సంప్రదించాలన్నది ముందే తెలుసుకుని, ఆ నంబరు, విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నంబరు, పాస్‌పోర్టు, వీసా, ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) నకళ్లు ఇంట్లో ఒక ఫైలులో ఉంచాలి. 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని, అంటే గ్రీన్‌కార్డు లేదా ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే రికార్డు) వంటిదాన్ని, ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం.

పౌరసత్వ పరీక్ష రాసే పెద్దలకు

పిల్లల దగ్గర స్థిరపడి గ్రీన్‌కార్డుతో ఏళ్లు గడిపిన తల్లిదండ్రులకు పైన చెప్పిన విషయాలే ప్రశ్నలుగా వస్తాయి. 2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు దరఖాస్తు చేసినవారికి 100 నుంచి 10, వాటిలో 6. వయసు 50 నిండి 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు గ్రీన్‌కార్డుతో ఉన్నవారికి ఇంగ్లిషు పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. వారు ఈ ప్రశ్నలకు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. 65 నిండి 20 ఏళ్లు ఉన్నవారికి జాబితా 20 ప్రశ్నలకే పరిమితం. తెలుగులో చెప్పేవారు "సెనేట్", "బిల్ ఆఫ్ రైట్స్" (మొదటి పది సవరణలు) వంటి పేర్లను ఇంగ్లిషులోనే పలకడం సాధన చేస్తే దుబాసీ పని తేలికవుతుంది. అధ్యక్షుడు, స్పీకరు, తమ రాష్ట్ర సెనేటర్ల పేర్లు అడిగే ప్రశ్నలకు మాత్రం పాత పుస్తకంలోని జవాబులు నమ్మకుండా, ఇంటర్వ్యూకు ముందు వారంలో పౌరసత్వ సేవల శాఖ వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోవాలి.